కాజీపల్లి జలవిహారం: ప్రవేశం ఉచితం

తెలంగాణలో బడికి తాళం పడేది ఏప్రిల్ 23 సాయంత్రం. మళ్ళీ తీసేది జూన్ 12న. ఈ మధ్యకాలమంతా పిల్లలు ఇంట్లో ఉంటారు, నిప్పులు నెత్తిమీద ఉంటాయి. పంచాంగం కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే కృత్తిక కార్తెను, రోహిణి కార్తెను పెట్టింది. రోహిణిలో రోళ్ళు పగులుతాయని పెద్దలు చెప్పింది నీడపట్టున కూర్చోమని. మనకది టూర్ ప్యాకేజీ ప్రకటనలా వినబడింది. ఏడాదిలో మూడు కాలాలున్నా, పెళ్ళాం పిల్లల్ని వెంటేసుకొని పగలంతా ఆరుబయట క్యూలో నిలబడటానికి ఏరికోరి మే నెలనే పట్టుకున్నాం.

ఎండ సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా ప్రకటించారు. ఎండకు ప్రాణం పోతే కుటుంబానికి 4 లక్షల పరిహారం. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా బయట తిరగొద్దని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఏటా చెబుతూనే ఉంటుంది. వాటర్ పార్కుల్లో నీళ్ళ వైపు గేటు తెరుచుకొని జనం పోటెత్తేది కూడా ఆ వేళకే. ఒకే సూర్యుడు: సచివాలయంలో విపత్తు, టికెట్ కౌంటర్ దగ్గర సీజన్.

కాజీపల్లిలో ఈ సీజన్ మరికాస్త ఘాటుగా వస్తుంది. బొల్లారం దాటి జిన్నారం వైపు వెళ్తుంటే గడ్డపోతారం పక్కన తగిలే ఊరు ఇది. మందుల కంపెనీలున్నాయి, రిజర్వు ఫారెస్టు ఉంది, చెరువుంది. లెక్క ప్రకారం వేసవికి కావలసిన సరంజామా అంతా ఊళ్ళోనే ఉన్నట్టు: పనికి కంపెనీ, నీడకు అడవి, ఈతకు చెరువు. అయినా ఏప్రిల్ ఆఖరుకల్లా ప్రతి ఇంట్లో ఒకటే పోరు: "డాడీ, ఎప్పుడు పోదాం?"

డాడీ గారు ఓ మందుల కంపెనీలో షిఫ్టు కెమిస్టు. వారం ఏ షిఫ్టు, వారం బీ షిఫ్టు, వారం సీ షిఫ్టు. లీవు అడిగితే మేనేజరు "ఆడిట్ ఉంది" అంటాడు. ఆడిట్ లేని నెల మందుల కంపెనీ చరిత్రలోనే లేదు. చివరికి ఎవరి డ్యూటీయో నెత్తిన వేసుకొని, డబుల్ చేసి, ఒక బదులు సెలవు (సీ-ఆఫ్) సంపాదిస్తాడు. ఆ ఒక్క రోజును ఎక్కడ ఖర్చుపెట్టాలన్నదానిపై ఇంట్లో అఖిలపక్ష సమావేశం జరుగుతుంది.

అబ్బాయి ఓటు రవిర్యాల వండర్లాకు. 2016లో తెరిచారు, ఆకాశంలో తలకిందులుగా వేలాడదీస్తారు. అమ్మాయి ఓటు స్నో వరల్డ్‌కు. 2004 నుంచి లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర మే నెలలోనే మంచు కురిపిస్తున్నారు. కోటూ బూట్లూ వాళ్ళే ఇస్తారు. ఆర్నెల్లు చలికాలం కోసం ఎదురుచూడకుండా గంటసేపు వణికి రావచ్చు. ఇల్లాలి ఓటు రామోజీ ఫిల్మ్ సిటీకి. 1996 నుంచి ఉన్నదే, కనీసం చీరలోనే తిరగొచ్చు. డాడీ గారి ఓటు జలవిహార్‌కు, ఎందుకంటే దగ్గర, పైగా చవక. తాతకు ఓటు లేదు. ఆయన ఇంట్లోనే ఉంటానంటాడు. ఆయన్ని కూడా తీసుకుపోవాలని పిల్లల పట్టు.

"ఈతకు పైసలు పెట్టుడేందిరా?" అంటాడు తాత. "మేం పోరగాండ్లప్పుడు బెండు కట్టుకొని బాయిల నేర్చుకున్నం, చెరువుల దుంకినం. టికెట్ అడిగినోడు లేడు."

"అయితే ఇప్పుడు దుంకు తాతా," అంటాడు మనవడు.

తాత మాట్లాడడు. డాడీ గారు ఫోన్లోకి చూస్తారు. ఆయన కెమిస్టు, ఆ చెరువులో ఏమేముందో మిగతా ఊరికంటే ఆయనకే బాగా తెలుసు. ఆయనకు తెలుసన్న సంగతి కంపెనీకి కూడా తెలుసు.

తీర్మానం వండర్లాకే నెగ్గుతుంది. ప్రజాస్వామ్యంలో గట్టిగా ఏడ్చినవాడిదే మెజారిటీ. ఇక ప్రయాణం. కాజీపల్లి నగరానికి ఉత్తరాన ఉంది, రవిర్యాల దక్షిణాన. మధ్యలో హైదరాబాదు మొత్తం అడ్డం. ఔటర్ రింగు రోడ్డెక్కి సగం ఊరిని ప్రదక్షిణం చేసి పదమూడో ఎగ్జిట్ దగ్గర దిగాలి. 158 కిలోమీటర్ల ఈ రోడ్డు మీద టోలు వసూలు చేసుకునే హక్కును 2023లో సర్కారు 7,380 కోట్లకు 30 ఏళ్ళ పాటు ప్రైవేటు కంపెనీకి ఇచ్చేసింది. అంటే ఇప్పుడు ఊయల్లో ఉన్న పిల్ల పెద్దదై, పెళ్ళి చేసుకొని, తన పిల్లల్ని వండర్లాకు తీసుకెళ్ళేటప్పుడు కూడా ఆ టోలు అదే ఖాతాలో పడుతుంది. కుటుంబ విహారంలో మొదటి రైడ్ ఇదే. బెల్టు ఉంటుంది, కేక ఉండదు.

గేటు దగ్గర ధర్మశాస్త్రం మొదలవుతుంది. బయటి తిండి లోపలికి రాదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఇల్లాలు కలిపిన పులిహోర పార్కింగులోని కారులో పడి ఉడుకుతూ ఉంటుంది. పిల్లల టికెట్‌కు వయసు లెక్క కాదు, ఎత్తు లెక్క. గోడకు గీసిన గీత దగ్గర ఇల్లాలు కొడుకు భుజం మీద చెయ్యేసి కిందికి నొక్కుతుంది. ఏడాది పొడుగునా పొడుగెదగమని పాలూ గుడ్లూ కుక్కిన చెయ్యే అది. నీళ్ళలోకి నూలు బట్టలతో రానివ్వరు, నైలాన్ కావాలి. లేకపోతే అక్కడే కొనుక్కోవచ్చు, ఆ సౌకర్యం కూడా వాళ్ళే పెట్టారు. లాకరుకు వేరే. సంతోషం మీద పన్ను ఉంది: 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు 28 శాతం వేశారు, 2018 జనవరిలో దయతలచి 18 చేశారు. ఒక్క పెద్దల టికెట్ ధర కంపెనీ గేటు బయట నిలబడే కాంట్రాక్టు కార్మికుడి రెండు రోజుల కూలికి తగ్గదు. అందుకే ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చి రేకుల గదుల్లో పదేసి మంది పడుకునే ఆ కుర్రాళ్ళ ఫోన్లలో ఈ పార్కులు ఇతరుల రీళ్ళుగా మాత్రమే కనిపిస్తాయి.

లోపల అంతా బాగుంటుందనే చెప్పాలి. కెరటాల కొలనుంది. ఉప్పు లేదు, చేప లేదు, నాచు లేదు. వెయ్యి మంది నిలబడి ఒకరి నీళ్ళు ఒకరు మింగుతుంటారు. క్లోరిన్ వాసనకు డాడీ గారికి సొంతింట్లో ఉన్నట్టే అనిపిస్తుంది. మెల్లగా పారే ఉత్తుత్తి ఏరుంది. గొట్టాల్లోంచి పాటతో పాటు పడే ఉత్తుత్తి వానుంది. సిమెంటు కొండ మీద నుంచి ఉత్తుత్తి జలపాతం దూకుతుంది. ఊళ్ళో ఒకప్పుడు నిజంగా ఉన్నవన్నీ ఇక్కడ నకళ్ళు తీసి పెట్టారు: చెరువు నకలు, వాగు నకలు, వాన నకలు. అసలు ఎలా ఉండేదో తెలిసిన ఒకే ఒక్క మనిషి, తాత, షవరు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఫుల్‌చేతుల చొక్కా వేసుకొని కూర్చుంటాడు. ఆయన దగ్గర నైలాన్ లేదు.

ఈ వ్యాపారం కిటుకు హైదరాబాదులో దాచినా దాగదు. జలవిహార్ 2007లో వెలిసింది ఎక్కడ? హుస్సేన్ సాగర్ ఒడ్డున. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 16వ శతాబ్దంలో తవ్విన చెరువు అది. పక్కనే అన్ని నీళ్ళున్నాయి. వేలు పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. కాబట్టి గోడ ఇవతల గుంట కట్టి, దాంట్లో శుభ్రమైన నీళ్ళు పోసి, టికెట్ పెట్టారు. వాటర్ పార్కు పెట్టాలంటే పెట్టుబడి, స్థలం, యంత్రాలు కావాలని వ్యాపారులు అనుకుంటారు. అన్నిటికన్నా ముందు కావలసింది దగ్గర్లో చచ్చిపోయిన చెరువు. అది బతికుంటే గిరాకీ ఎక్కడిది?

ఆ ముడిసరుకు విషయంలో కాజీపల్లిని కొట్టగల ఊరు దేశంలో అరుదు.

1970లలో ఇక్కడ పరిశ్రమలు మొదలయ్యాయి. 1980లో ఇందిరా గాంధీ మెదక్ నుంచి గెలిచాక ఊపందుకున్నాయి. వెనకబడ్డ ప్రాంతం అన్నారు, రాయితీలిచ్చారు, పటాన్‌చెరు నుంచి బొల్లారం, కాజీపల్లి దాకా చిమ్నీలు లేచాయి. ఉద్యోగాలొచ్చాయి, అది అబద్ధం కాదు. ప్రపంచానికి చవకగా మందులు వెళ్ళాయి, అదీ అబద్ధం కాదు. మందులు సముద్రాలు దాటాయి, మడ్డి మాత్రం ఊరు దాటలేదు. చెరువుల కింద వరి పండిన పొలాలు బీళ్ళు పడ్డాయి. బోరు నీళ్ళు రంగు తిరిగాయి. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. ఊళ్ళకు మంజీర నీళ్ళు గొట్టాల్లో తెప్పించుకోవలసి వచ్చింది. సొంత చెరువు పక్కనే ఉండగా పరాయి నది నీళ్ళు తాగే వైభవం అందరికీ పట్టదు.

2007లో స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం నుంచి యోకిమ్ లార్సన్ బృందం, పటాన్‌చెరు కేంద్రంలో శుద్ధి అయి బయటికొస్తున్న నీళ్ళ లెక్క ప్రచురించింది. శుద్ధి కాకముందు నీళ్ళు కావు, అయ్యాక. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్. జ్వరమొచ్చి ఆ మాత్ర వేసుకున్నవాడి రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకు 45 కిలోల మందు అలా పోతున్నట్టు తేల్చారు. స్వీడన్ దేశమంతా ఐదు రోజులు మింగే మోతాదు అది. వాళ్ళు డాక్టరు చీటీ పెట్టి కొనుక్కుంటారు. మన వాగుకు చీటీ అక్కర్లేదు.

2014లో అదే దేశపు శాస్త్రవేత్తలు ఈసారి నేరుగా కాజీపల్లి చెరువుకే పేరుపెట్టి అధ్యయనం అచ్చువేశారు. మందులకు లొంగని సూక్ష్మజీవుల జన్యువులు ఒక స్వీడన్ సరస్సులో ఎన్ని ఉన్నాయో, మన చెరువులో దానికి సుమారు 7,000 రెట్లు ఉన్నాయట. జిల్లాలో ఏ ఊరికి దక్కింది ఇంత అంతర్జాతీయ కీర్తి? ఊరివాళ్ళు స్వాగత తోరణం మీద రాయించుకోవలసిన అంకె. ఆ చెరువులోని బ్యాక్టీరియా ఆ మందులన్నీ తాగి, బతికి, పిల్లల్ని కని, వాటికి కూడా నేర్పింది. మన బడుల్లో లేని క్రమశిక్షణ.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసింది. 70 దాటితే తీవ్ర కలుషిత ప్రాంతం. పటాన్‌చెరు–బొల్లారానికి 70.07 వచ్చింది. సున్నా పాయింట్ సున్నా ఏడుతో గట్టెక్కాం. ఇంట్లో పిల్లవాడు ఇలా పాసైతే మిఠాయి పంచుతాం. కొత్త కంపెనీలకు కొంతకాలం అనుమతులు ఆపారు, తరవాత ఎత్తేశారు. పరీక్ష అయ్యాక సిలబస్ ఎవరు చదువుతారు?

ఇప్పుడు ఏ కంపెనీ గేటు దగ్గర నిలబడి అడిగినా ఒకటే జవాబు: "మాది జీరో లిక్విడ్ డిశ్చార్జ్ యూనిట్ సార్." చుక్క కూడా బయటికి పోదట. పక్క కంపెనీ కూడా సున్నానే. దాని పక్కదీ సున్నానే. ఆ సున్నాలన్నీ కలిస్తే ఒక చెరువు రంగు మారింది. ఇంత గొప్ప గణితం ఆర్యభట్టుకు కూడా తట్టలేదు.

ఈ పరిస్థితుల్లో మన కుటుంబాలు ఔటరు తిరిగి, టోలు కట్టి, నైలాన్ కొనుక్కొని రవిర్యాల దాకా పోవడం దుబారా. స్థానిక పర్యాటకాన్ని ప్రోత్సహించాలన్న ప్రభుత్వ ఆశయానికి కూడా విరుద్ధం. కాబట్టి కాజీపల్లిలోనే జలవిహారం తెరవాలని ప్రతిపాదిస్తున్నాను. పెట్టుబడి అక్కర్లేదు. రైడ్లన్నీ ఎప్పుడో సిద్ధమయ్యాయి, రిబ్బను కత్తిరించడమే తరువాయి.

మొదటిది రోలర్ కోస్టర్. పేరు "కేసు ఫైలు". 1990లో ఢిల్లీలో ఎక్కుతారు. సుప్రీంకోర్టు శిఖరం నుంచి హైకోర్టులోకి జారి, అక్కణ్ణుంచి హరిత ట్రిబ్యునల్ మలుపు తిరుగుతారు. కమిటీ, ఉపకమిటీ, నివేదిక, అఫిడవిట్, వాయిదా. ఎక్కినప్పుడు రైతుకు నల్లజుట్టు, దిగేటప్పటికి మనవడు దింపాలి. కడుపులో తిప్పుతుందన్న ఫిర్యాదులను స్వీకరిస్తారు. రసీదు కూడా ఇస్తారు.

రెండోది వాటర్ స్లయిడ్. పటాన్‌చెరు నుంచి అంబర్‌పేట వైపు 18 కిలోమీటర్ల గొట్టం. ఇక్కడి శుద్ధి నీళ్ళను మా వాగులోకి వదలొద్దని జనం మొత్తుకుంటే, ఆపలేదు. నగరం కిందుగా తోసి, అక్కడి మురుగులో కలిపి, మూసీకి అప్పజెప్పారు. మేధావులు దీన్ని పరిష్కారం అన్నారు. నేను ఇంట్లో చెత్త ఊడ్చి పక్కింటి వాకిట్లో పోస్తే మాత్రం గొడవ అంటారు. ఆ మూసీకి ఇప్పుడు వేల కోట్లతో సుందరీకరణ పథకాలు గీస్తున్నారు. ఒడ్డున లైట్లు పెడతారట. మంచిదే. నీళ్ళ సంగతి చీకట్లో ఉంటేనే చూడటానికి బాగుంటుంది.

మూడోది లేజీ రివర్: నక్కవాగు. పార్కుల్లో ఏరు తిరిగి తిరిగి ఎక్కిన చోటికే వస్తుంది. ఇది అలా మోసం చేయదు, తిన్నగా మంజీరలోకి తీసుకెళ్తుంది.

నాలుగోది రెయిన్ డ్యాన్స్. దీనికి గొట్టాలక్కర్లేదు, మబ్బు పడితే చాలు. పెద్ద వాన రాత్రి ట్యాంకుల మూతలు తెరుచుకుంటాయని, వరదలో కలిపి మడ్డి వదిలేస్తారని ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి చెబుతున్నారు. 2017 అక్టోబరు వానల్లో గండిగూడెం చెరువులో టన్నుల కొద్దీ చేపలు తెల్లగా తేలాయి. సర్కారు చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదిలే పథకం నడిపిస్తున్న రోజులవి. ఒక శాఖ పిల్లల్ని వదిలింది, ఇంకో శాఖ కళ్ళు మూసుకుంది. మృగశిర కార్తె నాడు చేప తినాలన్న ఆచారం మనది. ఏ చెరువు చేప అని అడిగి కొనే ఆచారం ఇప్పుడు పక్కన చేర్చుకున్నాం.

అయిదోది భూత్ బంగ్లా. రాత్రి పన్నెండు దాటాక ఆట మొదలు. కిటికీలు మూసినా లోపలికొచ్చే వాసన. కళ్ళు మండుతాయి, పసిపిల్లలు దగ్గుతారు, దయ్యం కనిపించదు. ఫోన్ చేస్తే అధికారులు తప్పకుండా వస్తారు, తెల్లారి పదింటికి. ముక్కుతో గట్టిగా పీల్చి, "ఇప్పుడేం లేదే" అని రాసుకొని వెళ్తారు. దయ్యాలకు, అధికారులకు ఒకే సమయంలో డ్యూటీ పడదు.

అన్నిటికన్నా గట్టి ఆకర్షణ అడవి. 2020 సెప్టెంబరులో సినీ నటుడు ప్రభాస్ కాజీపల్లి రిజర్వు ఫారెస్టులో 1,650 ఎకరాలను దత్తత తీసుకున్నారు. తండ్రి పేరిట అర్బన్ ఫారెస్ట్ పార్కు కోసం 2 కోట్లు ఇచ్చారు. మంత్రీ, ఎంపీ వచ్చి శంకుస్థాపన చేశారు, మొక్క నాటారు, ఫొటోలు దిగారు. మంచి పని, కాదనను. చెట్టుకు ఎవరు నీళ్ళు పోసినా పుణ్యమే. ఆ పక్కనే చెరువు ఉంది. దాన్ని దత్తత తీసుకుంటానని ఇంతవరకూ హీరో రాలేదు, విలన్ కూడా రాలేదు. అడవిలో ఫొటో దిగితే వెనక పచ్చగా పడుతుంది. చెరువు దగ్గర దిగితే ఏ రంగు పడుతుందో ఆ రోజు షిఫ్టును బట్టి ఉంటుంది.

భద్రత మాటేమిటని అడుగుతారు. అడగాలి. వండర్లాలో రైడ్ కదిలే ముందు ఇరవయ్యేళ్ళ కుర్రాడు ఒక్కొక్క సీటు దగ్గరికి వచ్చి బెల్టు లాగి చూస్తాడు, కడ్డీ నొక్కి చూస్తాడు, అనుమానం వస్తే మళ్ళీ చూస్తాడు. మూడు నిమిషాల ఆటకు అంత జాగ్రత్త. ఇదే పటాన్‌చెరు పట్టీలో, పాశమైలారంలో, 2025 జూన్ 30 ఉదయం ఒక మందుల పరిశ్రమలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది పొట్ట చేతపట్టుకొని ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు. కొందరి శరీరాలు గుర్తుపట్టడానికి డీఎన్‌ఏ పరీక్షలు కావలసి వచ్చాయి. ఆ ఉదయం వాళ్ళ బెల్టు ఎవరు లాగి చూశారు? మన దగ్గర ఆటకున్న తనిఖీ పనికి లేదు. టికెట్ కొన్నవాడి ప్రాణానికి పూచీ ఉంది. గేట్ పాసు మీద లోపలికెళ్ళినవాడికి పరిహారం ఉంది. ఇక్కడ నాకు వ్యంగ్యం రాదు.

ఇప్పుడు డాడీ గారి దగ్గరికి వద్దాం. ఆయన్ని వదిలేసి కంపెనీలను, సర్కారును తిట్టి చేతులు కడుక్కోవడం చాలా సుఖం; కడుక్కోవడానికి మంజీర నీళ్ళూ ఉన్నాయి. ఆయన మంచివాడు. పిల్లల కోసం డబుల్ డ్యూటీ చేశాడు. కానీ లెక్క చూడండి. చెరువును చెడగొట్టిన పరిశ్రమ ఆయనకు జీతమిస్తుంది. ఆ జీతం పట్టుకొని ఆయన అరవై కిలోమీటర్లు వెళ్ళి ఒక పూట చెరువును అద్దెకు తెచ్చుకుంటాడు. సాయంత్రం అది వాళ్ళకు అప్పజెప్పి, చెవుల్లో నీళ్ళతో ఇంటికొస్తాడు. మర్నాడు మళ్ళీ షిఫ్టు. ఆయన తాతలకు ఈ పూట ఉచితంగా, ఏడాది పొడుగునా దొరికింది. ఇందులో ఎవరు ఎవరికి ఏం అమ్మారు, ఎవరి సొమ్ము ఎవరు తిన్నారు అని ఆయన ఒక్కసారి కూడా గట్టిగా అడగడు. ఊరి సమావేశంలో చెరువు మాటొస్తే ఆయనకు బీ షిఫ్టు ఉంటుంది. బడికి సెలవులివ్వడం ఒక్కరోజు ఆలస్యమైతే పేరెంట్స్ గ్రూపులో నలభై మెసేజీలు పెడతాడు.

అందరం అంతే. టికెట్ ధర పెరిగితే అన్యాయమంటాం. లాకరు తాళం పోతే వినియోగదారుల ఫోరం గుర్తొస్తుంది. కొలనులో నీళ్ళు పచ్చగా ఉన్నాయనిపిస్తే ఫోన్ తీసి వీడియో పెట్టి, ఒక్క నక్షత్రం రేటింగ్ ఇచ్చి, "వేస్ట్ ఆఫ్ మనీ" అని రాస్తాం. డబ్బు కట్టిన నీళ్ళ మీద మనకు అంత హక్కు. ఊరి చెరువుకు రేటింగ్ ఇచ్చే చోటు లేదు. ఇచ్చినవాళ్ళు స్వీడన్ వాళ్ళు. 7,000 రెట్లు అని ఇచ్చారు. మనం చదవలేదు.

కాబట్టి ప్రారంభోత్సవ కార్యక్రమం ఇలా ఉండాలని మనవి. ముహూర్తం రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం. వేదిక కాజీపల్లి చెరువు కట్ట. ముఖ్య అతిథులు ముగ్గురు చాలు. నమూనా సీసాలో నీళ్ళు పట్టుకెళ్ళి "పరిమితులకు లోబడే ఉన్నాయి" అని సంతకం పెట్టినవారు ఒకరు. "మాది సున్నా" అని గేటుకు బోర్డు కట్టినవారు ఒకరు. ఎన్నికలప్పుడు ఈ కట్ట మీద నిలబడి చెరువును అద్దంలా చేస్తానని మాటిచ్చినవారు, ఏ పార్టీ అయినా సరే, ఒకరు. ముగ్గురికీ నైలాన్ దుస్తులు ఊరి ఖర్చుతోనే కొందాం. లాకరు ఫీజు లేదు. ఎత్తు కొలవం. బయటి తిండి తెచ్చుకోవచ్చు. శాలువా కప్పము, ఎలాగూ తడుస్తుంది. కొబ్బరికాయ కొట్టాక, కెమెరాల ముందు, ముగ్గురూ కలిసి నిండా ఒక్క మునక మునిగి లేవాలి. నోట్లోకి నాలుగు చుక్కలు పోతే పోనివ్వాలి. కెరటాల కొలనులో మన పిల్లలు మింగడం లేదూ?

వాళ్ళు మునిగి, లేచి, తుడుచుకొని, వారం తరవాత కూడా నవ్వుతూ ఉంటే చాలు. మాకు ఇంకే నివేదికా వద్దు, ఏ ట్రిబ్యునలూ వద్దు. ఆ రోజే మా పిల్లల్ని చెరువులోకి దింపి, రవిర్యాల టికెట్లు రద్దు చేసుకుంటాం. ఆన్‌లైన్లో కొన్న టికెట్‌కు డబ్బులు వెనక్కి రావని తెలుసు. ఆ నష్టం మేమే భరిస్తాం, ముందు మీరు దిగండి.